ఎడమచెయ్యి ఎక్కడికెళ్ళింది? ఎర్ల్ హైన్స్ పియానో కథ

[తెర నల్లగా ఉంటుంది. ట్రంపెట్, పియానో మాత్రమే వినిపిస్తాయి. పది సెకన్లు.]

ఇది 1928 డిసెంబర్ 5న షికాగోలో రికార్డు చేసిన ‘వెదర్ బర్డ్’. ట్రంపెట్ లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, పియానో ఎర్ల్ హైన్స్. డ్రమ్స్ లేవు, బేస్ లేదు. తాళం పట్టుకోడానికి మూడో మనిషే లేడు. ఇంకోసారి వేస్తాను. ఈసారి ట్రంపెట్‌ని పక్కన పెట్టి, పియానో ఎడమచెయ్యి ఒక్కటే వినండి.

[అదే ముక్క మళ్ళీ.]

ఆ రోజుల్లో జాజ్ పియానోలో ఎడమచేతి పని తాళం. కింద ఒక మంద్ర స్వరం, పైన ఒక కార్డ్ (ఒకేసారి మోగే మూడు నాలుగు స్వరాలు), మళ్ళీ కింద, మళ్ళీ పైన. దుం-చక్, దుం-చక్. దీన్ని స్ట్రైడ్ అంటారు. పాట అయ్యేదాకా ఆ చెయ్యి ఆగకూడదు. హైన్స్ దగ్గర అది ఆగిపోతుంది! ఉన్నట్టుండి తాళం వదిలేసి, కుడిచేతికి ఎదురు వాయిస్తూ ఎటో వెళ్ళిపోతుంది. తని ఆవర్తనంలో మృదంగం లెక్క తప్పిందేమో అని మనం కంగారు పడుతుంటే, విద్వాంసుడు సరిగ్గా సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకి, వచ్చి పడతాడు చూడండి, అదే ఇది. వదిలేసింది చెయ్యి మాత్రమే. లయ ఆయన లోపల నడుస్తూనే ఉంది.

[తెర మీద: పియానో మెట్లు, కుడిచెయ్యి.]

ఇప్పుడు కుడిచెయ్యి. దీనికి ‘ట్రంపెట్ శైలి’ అని పేరొచ్చింది. అప్పటి క్లబ్బుల్లో పియానో ముందు మైకు ఉండేది కాదు. బాకాలు ఊదుతుంటే పియానో ఎవరికి వినపడుతుంది? అందుకని హైన్స్ ఒక్క స్వరం బదులు బొటనవేలితో కింది షడ్జం, చిటికెనవేలితో పై షడ్జం ఒకేసారి నొక్కినట్టు, రెండు స్థాయిల్లో కలిపి వాయించేవారు. స్వరం గంటలా మోగేది. ఊదేవాళ్ళు స్వరం చివర వణికిస్తారు కదా, పియానో మెట్టు మీద అది కుదరదు. కాబట్టి ఆ రెండు స్వరాలనీ వేగంగా మార్చి మార్చి కొట్టి ఆ వణుకు తెప్పించారు.

ఈ ఆలోచన ఊరికే రాలేదు. ఆయన పుట్టింది 1903లో, పిట్స్‌బర్గ్ పక్కనున్న డుకేన్‌లో. వాళ్ళ నాన్న కార్నెట్ (ట్రంపెట్ లాంటి చిన్న బాకా) వాయించేవారు. పిల్లాడూ అదే వాయిద్దామనుకున్నాడు కానీ, ఊదితే చెవుల వెనక నొప్పి పుట్టేది. అలా పియానోకి వచ్చాడు. కార్నెట్ మీద ఇష్టం మాత్రం వేళ్ళలో ఉండిపోయిందని నాకనిపిస్తుంది.

పదిహేడేళ్ళకి పిట్స్‌బర్గ్‌లో ఉద్యోగం: వారానికి 15 డాలర్లు, ఉండడానికి చోటు, రోజుకి రెండు పూటల భోజనం. 1925లో షికాగో. 1928 డిసెంబర్ 28న, సరిగ్గా తన పాతికేళ్ళ పుట్టినరోజున, గ్రాండ్ టెర్రస్‌లో సొంత బ్యాండ్ మొదలుపెట్టారు. ఆ క్లబ్బు అల్ కపోన్ ముఠా చేతిలో ఉండేది. అక్కడి నుంచి రేడియోలో వచ్చే కచేరీలు దేశమంతా వినేది.

1943లో ఆయన బ్యాండ్‌లో సాక్సఫోన్‌కి చార్లీ పార్కర్, ట్రంపెట్‌కి డిజ్జీ గిలెస్పీ, పాటకి సారా వాన్ ఉన్నారు. రాబోయే జాజ్ అంతా ఆ వేదిక మీదే కూర్చుంది. కానీ 1942 నుంచి సంగీతకారుల యూనియన్ రికార్డింగులు నిలిపేసింది. ఆ బ్యాండ్ ఎలా పలికేదో చెప్పే స్టూడియో రికార్డు ఒక్కటీ లేదు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

తర్వాత ఆర్మ్‌స్ట్రాంగ్‌తో మూడేళ్ళు, సాన్ ఫ్రాన్సిస్కోలో పాత తరహా బ్యాండ్‌తో కొన్నేళ్ళు. 1960ల మొదట్లో ఓక్లండ్‌లో పొగాకు దుకాణం పెట్టుకుని, పియానో మానేద్దామా అనేదాకా వచ్చారు.

[తెర మీద: 1964, న్యూయార్క్.]

రచయిత స్టాన్లీ డాన్స్ వదల్లేదు. వెంటపడి, ఒప్పించి, న్యూయార్క్ లిటిల్ థియేటర్‌లో కూర్చోబెట్టారు. నాలుగు దశాబ్దాలు వాయించిన మనిషి ఒంటరిగా పియానో కచేరీ చెయ్యడం అదే మొదటిసారి, అరవయ్యో ఏట! బ్యాండ్ లేకపోయేసరికి, ఇన్నాళ్ళూ బాకాల మధ్య నలిగిన ఆ ఎడమచెయ్యి జనానికి పూర్తిగా వినపడింది. 1966లో అమెరికా ప్రభుత్వం తరఫున ఆరు వారాలు సోవియట్ యూనియన్ తిరిగి, 35 కచేరీలు చేశారు. ఆ తర్వాత సోలో రికార్డులు వరసగా వచ్చాయి. నా మటుకు నాకు 1928 నాటి వాటికన్నా ఈ 1970ల రికార్డులే ఎక్కువ ఇష్టం. కుర్రతనంలో మెరుపులా వచ్చిపోయిన సాహసం ఇక్కడ నిమిషాల తరబడి సాగుతుంది.

1983 ఏప్రిల్ 22న ఓక్లండ్‌లో కన్నుమూశారు. 79 ఏళ్ళు. అంతకు కొద్దిరోజుల ముందే సాన్ ఫ్రాన్సిస్కోలో పియానో వాయించారు.

[1970ల సోలో రికార్డింగు. మాటలు ఆగుతాయి. తెర మీద ఎడమచెయ్యి మాత్రమే.]