లేబర్ రూమ్‌లో తొందరపడి అరవకండి

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ మేడమ్ నా గురించి చెప్పినవాటిలో సగం కొట్టేయండి. ఆహ్వాన పత్రికలో నా అంశం 'లింగ నిర్ధారణ' అని అచ్చేశారు. అది చూసి పోలీసులొస్తారేమో! నేను మాట్లాడేది స్కానింగ్ గురించి కాదమ్మా, బిడ్డ పుట్టాక సంగతి.

పుస్తకంలో నిర్వచనం తేలికే. అండం తయారుచేసే దారిలో ఏర్పడ్డ శరీరం ఆడ, శుక్రకణం దారిలో ఏర్పడ్డది మగ. కడుపులో మొదటి ఆరు వారాలూ తేడా కనిపించదు. తర్వాత వై క్రోమోజోమ్ మీది ఎస్‌ఆర్‌వై జన్యువు పనిచేస్తే వృషణాలొస్తాయి. దాన్ని 1990లో కనిపెట్టారు, నా చదువప్పుడు లేదు. సరే, లేబర్ రూమ్‌లో మనకు అండం కనబడుతుందా, జన్యువు కనబడుతుందా? బయటున్నది చూసి అరుస్తాం.

నేనూ అరిచాను. హౌస్ సర్జన్‌ని, అర్ధరాత్రి కాన్పు. "మగపిల్లాడు!" అన్నాను. నాయనమ్మ లడ్డూలు పంచింది, నేనూ తిన్నాను. వృషణాలు చేతికి తగల్లేదు. తర్వాత దిగుతాయిలే అనుకున్నాను. పన్నెండో రోజు వాంతులతో తెచ్చారు. జ్వరం లేదు, విరేచనాలు లేవు, బిడ్డ మాత్రం వాడిపోయింది. సోడియం పడిపోయింది, పొటాషియం పెరిగింది. మా సార్ ఒక్కసారి చూసి, "ఇది ఆడపిల్ల" అన్నారు. తెల్లారేసరికి పోయింది.

ఆ జబ్బును సీఏహెచ్, అంటే కంజెనిటల్ అడ్రినల్ హైపర్‌ప్లేసియా అంటారు. మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథిలో పుట్టుకతోనే ఒక ఎంజైమ్ కొరత. ఒంట్లో ఉప్పును పట్టి ఉంచే హార్మోన్ తయారుకాదు, మగ హార్మోన్ మాత్రం పొంగుతుంది. లోపల గర్భసంచి, అండాశయాలు ఉన్నా పైకి మగపిల్లాడిలా కనిపించేది అందుకే. మందు హైడ్రోకార్టిసోన్, సెలైన్. ఆ రోజు మా స్టోర్లో రెండూ ఉన్నాయి.

దీనికి తిరగేసినదీ ఉంది. వై ఉన్నా మగ హార్మోన్ మాట ఒళ్లు వినదు. స్పెయిన్ హర్డిల్స్ అమ్మాయి మరియా హోసే మార్టినెజ్ పాటిన్యోకి 1985లో జపాన్‌లోని కోబే పోటీల్లో క్రోమోజోమ్ పరీక్ష చేసి, నువ్వు ఆడదానివి కాదు పొమ్మన్నారు. పుట్టినప్పట్నుంచీ ఆడపిల్లే ఆవిడ! పతకాలు పోయాయి, స్కాలర్‌షిప్ పోయింది. పోరాడితే 1988లో మళ్లీ ఆడనిచ్చారు... ఎక్కడికో వెళ్లిపోయాను. టైమయిందని మేడమ్ గడియారం చూస్తున్నారు.

అమ్మాయిలూ, మగపిల్లాడిలా ఉండి, వృషణాలు రెండూ తగలకపోతే నోరు మెదపకండి. "బిడ్డ బాగుంది, డాక్టర్ గారు చూశాక చెబుతాం" అనండి. నాయనమ్మ తిట్టినా సరే.

బల్ల మీద నా కుట్టు బొమ్మలు రెండున్నాయి. ఒకదానిలో చింతగింజలు పెట్టాను, రెండోదానిలో లేవు. టీకి ముందు ఒక్కొక్కరూ కళ్లు మూసుకుని వేళ్లతో వెతికి చెప్పాలి. వెనక వరుస, ముందు మీరే రండి.