ఊరి కథ ఊరివారి నోట

శ్రోతలకు నమస్కారం.

ఊరిలో జరిగే కళా కార్యక్రమాల వల్ల ఆ ఊరివారికి కలిగే మేలు గురించి ఈ కొద్ది నిమిషాలు మీతో మాట్లాడదలచుకున్నాను. పట్నం నుంచి ఒక బృందం వచ్చి నాటకం ఆడి వెళ్ళిపోతే జనం సంతోషిస్తారు. ఆ సంతోషాన్ని నేను తక్కువ చేయడం లేదు. అయితే ఊరివారే కూర్చుని తమ కథను తాము అల్లుకొని, తమ యాసలో పలికి, తమకు తెలిసిన వరుసలో పాడుకొన్నప్పుడు ఊరిలో జరిగేది వేరు. అది ఎలా వేరో చెప్పడానికి నాకు ఎంతో ఇష్టమైన ఉదాహరణ ఒకటి ఉంది. అది నెల్లూరు జిల్లాది, 1990వ దశకం తొలినాళ్ళది.

పూర్వరంగాన్ని నాలుగు మాటల్లో చెబుతాను. 1990 ఫిబ్రవరిలో కేరళలోని ఎర్నాకుళం దేశంలో సంపూర్ణ అక్షరాస్యత సాధించిన తొలి జిల్లాగా ప్రకటితమైంది. అక్కడ జనాన్ని చదువువైపు కదిలించిన సాధనాల్లో కళాజాత ఒకటి. పాటలతో, చిన్న నాటికలతో ఊరూరా తిరిగే ఈ పద్ధతిని కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు 1980 నుంచి నడుపుతూ వచ్చింది. తెలుగునాట ఇటువంటి పనికి నేల అంతకుముందే సిద్ధమై ఉంది. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథను పల్లెపల్లెకూ తీసుకుపోయి, జనం బాధలను జనం భాషలో చెప్పింది. 1991 ఆరంభంలో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైనప్పుడు, జిల్లా యంత్రాంగమూ జన విజ్ఞాన వేదిక వంటి సంస్థల కార్యకర్తలూ కలిసి కళాజాతలను ఊళ్ళలోకి పంపారు.

కళాజాత బృందంలో పేరున్న నటులు ఉండరు. కూలిపనికి వెళ్ళే యువకుడు, చదువు మధ్యలో ఆగిపోయిన అమ్మాయి, బడి పంతులు, డప్పు బాగా కొట్టగల పెద్దమనిషి, ఇలాంటివారు కొన్నాళ్ళు ఒకచోట శిక్షణ పొంది, సాయంత్రం ఒక ఊరికి చేరుకొని, డప్పు కొడుతూ వీధులన్నీ తిరిగి జనాన్ని పిలిచి, చెట్టుకిందనో గుడి ముందరనో నిలబడి పాడతారు, ఆడతారు. అక్కడ తెర ఉండదు, టికెట్టు ఉండదు, ముందువరుస కుర్చీలు ఉండవు. జనం చుట్టూ కూర్చుంటారు. ఆడేవారు తమవంటివారే కనుక, చూసేవారు తమకు తోచిన మాటను అక్కడికక్కడే అనగలుగుతారు. నన్ను అడిగితే ఈ పద్ధతి బలమంతా ఆ అనగలగడంలోనే ఉంది.

చదువుకోండి అని చెప్పడానికి వెళ్ళిన ఆ పాటలూ నాటికలూ చదువు దగ్గరే ఆగలేదు. కూలిరేట్లు, ఆడవారి చాకిరి, మగవారి తాగుడు, ఇవన్నీ అందులోకి వచ్చాయి. రాకుండా ఎలా ఉంటాయి? పగలంతా పొలంలో పనిచేసి, రాత్రి పలక పట్టుకొని అక్షరాస్యతా కేంద్రానికి రావలసిన స్త్రీకి అడ్డు తగులుతున్నది ఏమిటని అడిగితే, ఇంటింటా వచ్చిన జవాబు సారా. ఆ రోజుల్లో సారా దుకాణం ఊరి గడపలోకి వచ్చేసింది. మంచినీటికి మైళ్ళు నడవవలసిన ఊరిలో కూడా సారా మాత్రం చేతికి అందేంత దూరంలో దొరికేది. కూలి డబ్బు ఇంటికి చేరకముందే దుకాణానికి చేరేది.

కలిగిరి మండలంలోని దూబగుంట అనే గ్రామంలో రాత్రిబడికి వచ్చే స్త్రీలు ఈ మాటను గట్టిగా అనుకున్నారు. ఇంట్లో ఒంటరిగా ఏడ్చిన సంగతిని నలుగురిలో చెప్పుకున్నారు. చెప్పుకున్న తరవాత, అందరి ఇంటిలోనూ ఒకటే కథ నడుస్తున్నదని వారికి తెలిసింది. తెలిసిన తరవాత వారు ఊరుకోలేదు. దుకాణం మీదికి వెళ్ళి, ఊరిలో సారా అమ్మకం మాన్పించారు. తరవాతి కాలంలో దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతటా పేరు పొందిన వర్ధినేని రోశమ్మ ఆ స్త్రీలలో ఒకరు.

ఇక్కడ నాకు ఎంతో విలువైనదిగా తోచే మలుపు ఒకటి ఉంది. దూబగుంటలో జరిగినది ఆ ఊరిలోనే ఉండిపోలేదు. అక్షరాస్యతా ఉద్యమం నడిపినవారు దానిని ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అనే పేరుతో కొత్తగా చదువు నేర్చినవారి వాచకంలో ఒక పాఠంగా చేర్చారు. ఒక పల్లెలోని స్త్రీల కథ, వారి వంటి స్త్రీల చేతుల్లోకే అచ్చు రూపంలో వెళ్ళింది. అక్షరాలు కూడబలుక్కుంటూ ఆ పాఠం చదివిన మరో ఊరి స్త్రీ, ఇది మన సంగతే కదా అని పక్కనున్న ఆమెతో అంటే చాలు. మరునాడు ఆ ఊరిలో కూడా దుకాణం ముందు జనం నిలబడేవారు. ఒక ఊరి కథ వంద ఊళ్ళ కథ అయింది. ఈ ఉద్యమం గురించి రాసినవారిలో చాలామంది ఘనతనంతా అక్షరానికి ఇస్తారు. నేను అక్షరం పక్కన పాటను కూడా నిలబెడతాను. సభ అంటే రాని స్త్రీలు పాట విని ఇంట్లోంచి బయటికి వచ్చారు. బయటికి వచ్చినవారు కూర్చున్నారు. కూర్చున్నవారు మాట్లాడారు.

తరవాత జరిగినది చరిత్రలో ఉన్నది. 1992లో నెల్లూరులో సారా అమ్మే హక్కు కోసం జరిగే వేలంపాటలను స్త్రీలు అడ్డుకోగా అవి వాయిదా మీద వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలోనూ, అదే సంవత్సరం అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు.

సంపూర్ణ నిషేధం పోయింది కదా, ఇక మిగిలిన మేలు ఏమిటని మీలో కొందరికి సందేహం కలగవచ్చు. మిగిలినది ఉన్నది. అదే నెల్లూరు జిల్లాలో, సారా వ్యతిరేక ఉద్యమం ఇచ్చిన ఊపుతో పొదుపులక్ష్మి సంఘాలు పుట్టాయి. సారాకు పోయే డబ్బులోంచి రోజుకు ఒక రూపాయి దాచుకుందామన్న ఆలోచనతో స్త్రీలు చేరిన సంఘాలవి. నలుగురిలో నిలబడి మాట్లాడడం అలవాటైన స్త్రీలు లెక్కల పుస్తకం పట్టుకొని, బ్యాంకు మెట్లెక్కి, తమ పేరు తాము రాసి సంతకం చేయడం చిన్న మార్పు కాదు. జీవోలు వస్తాయి, రద్దవుతాయి. మాట్లాడడం నేర్చిన గొంతును రద్దు చేసే జీవో ఏదీ లేదు.

నోరు తెరవడం వల్ల కలిగే ఈ మేలుకు మరొక సాక్ష్యం తెలంగాణలో ఉంది. రేడియో ముందు కూర్చుని దాని ప్రస్తావన తేకపోతే నాకు తృప్తిగా ఉండదు. జహీరాబాదు సమీపంలోని మాచ్‌నూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో ప్రసారాలు మొదలయ్యాయి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తోడ్పాటుతో దళిత మహిళలు నడుపుతున్న కేంద్రం అది. జొన్నలు, సామలు, కొర్రలు పండించే ఆడవారు తమ విత్తనాల సంగతులను, పండుగల పాటలను, తమ యాసలోనే రికార్డు చేసి తమవారికే వినిపిస్తారు. మన మాట మాటే కాదు అనుకొని పెరిగిన మనిషి తన గొంతును రేడియోలో విన్నప్పుడు పొందే ధైర్యాన్ని ఏ పథకం అంచనాలోనూ చూపించలేము. కానీ ఆ ధైర్యమే మిగిలిన పనులన్నింటినీ నడిపిస్తుంది.

ఇప్పుడు ఒక్క ఆచరణ విషయం చెప్పి ముగిస్తాను. మీ ఊరిలో, మీ బస్తీలో, మీ పాఠశాలలో ఎవరైనా ఇటువంటి కళా కార్యక్రమం తలపెడితే, ప్రదర్శన తరవాతి అరగంటను ముందే లెక్కలో చేర్చండి. మన దగ్గర తరచుగా ఆ అరగంటే పోతుంది. ఆట ముగియగానే అతిథులను వేదిక మీదికి పిలుస్తారు, శాలువాలు కప్పుతారు, ఉపన్యాసాలు సాగుతాయి, ఆడవారు వంటపని గుర్తుకు వచ్చి లేచిపోతారు. అప్పటివరకు జనం మనసులో కదిలిన మాట బయటికి రాకుండానే ఇంటికి వెళ్ళిపోతుంది. సన్మానాలు చేయవలసి ఉంటే ఆట మొదలు కాకముందే చేయండి. ఆట ముగిసిన తరవాత దీపాలు తీసేయకండి, మైకు ఆపి పక్కన పెట్టండి. మైకు ముందు నోరు పెగలనివారు మైకు లేకపోతే మాట్లాడతారు. ఆడినవారు వెళ్ళి జనం మధ్య నేలమీదే కూర్చోవాలి. ఇది మన ఊరిలో ఇలాగే జరుగుతున్నదా, లేక వేరుగా జరుగుతున్నదా అని ఒకే ఒక ప్రశ్న అడిగి, జవాబు వచ్చేవరకు ఓపిక పట్టాలి. మొదట ఎవరూ పలకరు. ఎవరో ఒక పెద్దావిడ పలుకుతుంది. ఆమె మాట్లాడుతుండగా ఎవరూ సరిదిద్దకూడదు. ఆమె మాటను ఆమె అన్నట్టుగానే ఒకరు రాసుకోవాలి. మరుసటి ప్రదర్శనలో ఆ మాట నాటకంలోకి రావాలి. వీలైతే ఆమెనే పిలిచి ఆమె నోటనే పలికించాలి. ఆమె కూలి మానుకొని రిహార్సలుకు రావలసి వస్తే, ఆ రోజు కూలిని కార్యక్రమం ఖర్చులోనే రాయండి.

నమస్కారం.