కదిలితే తేలిక, ఆగితే బరువు: నగరంలో రెట్రో మోటారు సైకిలు

శ్రోతలకు నమస్కారం.

వరంగల్, హనుమకొండ, కాజీపేట ఒకదానిలో ఒకటి కలిసిపోయిన మన నగరంలో ఏ చౌరస్తాలో నిలబడినా, గుండ్రటి హెడ్‌లైటు, ముందు ఉబ్బి వెనక్కి సన్నబడిన పెట్రోలు ట్యాంకు, మెరిసే పొడవాటి సైలెన్సరు ఉన్న మోటారు సైకిళ్లు కొన్ని తప్పక కనిపిస్తాయి. చూపుకు అవి యాభై ఏళ్ల కిందటి బండ్లు, లోపలి యంత్రం మాత్రం నేటిది. వీటినే రెట్రో బండ్లు అంటున్నారు. రోజూ ఇంటి నుంచి ఆఫీసుకు, అక్కడి నుంచి బజారుకు, మళ్లీ ఇంటికి తిరిగే మనిషికి ఇటువంటి బండి ఎంతవరకు పనికొస్తుందన్నదే నేటి ప్రసంగ విషయం.

ఈ రూపం మన దేశానికి కొత్తది కాదు. ఇంగ్లండులో పుట్టిన రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 1955 నుంచి మద్రాసులో తయారవుతూ వచ్చింది. మైసూరులో జావా, ఆ తరువాత యెజ్డీ బండ్లు దశాబ్దాల పాటు తయారై, 1996లో ఆ కర్మాగారం మూతపడడంతో ఆగిపోయాయి. పాత బుల్లెట్ నడిపిన పెద్దలకు గుర్తుండే ఉంటుంది, గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద ఉండేవి. కిక్ కొట్టే ముందు సిలిండరులోని ఒత్తిడిని వదిలే డీకంప్రెషన్ లీవరు నొక్కి, కరెంటును చూపే అమ్మీటరు ముల్లు నడిమికి వచ్చేదాకా చూడాలి, లేకపోతే కిక్ రాడ్ తిరిగొచ్చి పిక్కకు తగిలేది. నేటి బండిలో ఆ తంతు ఏదీ లేదు. మీట నొక్కితే స్టార్టవుతుంది, పెట్రోలును గాలితో కలిపే కార్బురేటరు స్థానంలో, దాన్ని కొలిచి చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన ప్రతి కొత్త బండికీ, గట్టిగా నొక్కినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ బ్రేకులు తప్పనిసరి కావడంతో వీటికీ అవి వచ్చాయి. 2021లో మార్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కి అసలు కిక్ రాడే లేదు. కాబట్టి పాత బుల్లెట్ మీద ఉన్న భయాలను, మోజును కూడా పక్కన పెట్టి, ఇప్పటి బండిని ఇప్పటి బండిగానే చూడడం న్యాయం.

దీని అసలు బలం ఇంజను స్వభావంలో ఉంది. క్లాసిక్ 350 ఇంజనులో సిలిండరు వెడల్పు 72 మిల్లీమీటర్లు, పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం 85.8 మిల్లీమీటర్లు. వెడల్పు కంటే కదలిక ఎక్కువగా ఉన్న ఇటువంటి ఇంజను, వేగంగా తిరగకుండానే గట్టిగా లాగుతుంది. లాగే శక్తిని కొలిచే టార్క్ ఇందులో 27 న్యూటన్ మీటర్లు, అదీ నిమిషానికి 4000 చుట్ల వద్దనే అందుతుంది. మన వీధుల్లో ఎక్కువగా తిరిగే వంద సీసీ స్ప్లెండర్‌లో అది 8 చిల్లర మాత్రమే, అది కూడా ఇంజను 6000 చుట్లు తిరిగినప్పుడు. ఈ లెక్కలకు అర్థం ఖిలా వరంగల్ కోట ద్వారాల దగ్గర తెలుస్తుంది. అక్కడ రోడ్డు రాతి ద్వారంలోకి వెళ్లి, మలుపు తిరిగి, మరో ద్వారం గుండా బయటపడుతుంది. ఎదురుగా ఆటో వస్తే ఆగాలి, మేకలు వస్తే ఆగాలి. చిన్న బండి మీద ప్రతిసారీ మొదటి గేరుకు దిగి ఎక్సలేటరు తిప్పవలసిన చోట, ఈ బండి రెండో గేరులోనే మెల్లగా పాకి, దారి దొరకగానే సణుగుడు లేకుండా లాగుతుంది. వెనక మనిషి, ముందు బియ్యం సంచి ఉన్నా తేడా తెలియదు. గంటకు ముప్ఫై నుంచి యాభై కిలోమీటర్ల మధ్య, హంటర్ రోడ్డు లాంటి దారిలో సాయంత్రం పూట పోతుంటే, ఇంతకంటే హాయిగా సాగే బండి ఈ ధరలో మరొకటి లేదన్నది నా అభిప్రాయం.

కూర్చునే తీరు కూడా నగరానికి తగినదే. నడుము నిటారుగా ఉంటుంది, చేతులు ముందుకు చాచవలసిన పని లేదు, సీటు వెడల్పుగా ఉంటుంది, తల ఎత్తులో ఉండడం వల్ల ముందున్న కారు పైనుంచి రోడ్డు కనిపిస్తుంది. స్పోర్ట్స్ బండి మీద నడుము వంచి, మణికట్ల మీద బరువు మోస్తూ సిగ్నలు సిగ్నలుకూ ఆగే కుర్రవాళ్లను చూస్తే నాకు జాలి కలుగుతుంది. అయితే వెనక సీటు అన్ని రెట్రో బండ్లకూ ఒకేలా ఉండదు. అందం కోసం సీటును పొట్టిగా కత్తిరించిన నమూనాలున్నాయి. వాటి మీద చీర కట్టుకుని ఒకవైపు కూర్చునే ఆడవాళ్లు మొదటి గతుకుకే జారిపోతామని భయపడతారు, ఆ భయం ఉత్తది కాదు.

ఇక బరువు సంగతి. ఈ ప్రసంగంలో నేను ఎక్కువసేపు చెప్పదలచుకున్నది దీని గురించే. క్లాసిక్ 350 బరువు 195 కిలోలు, హోండా హైనెస్ సీబీ 350, రాయల్ ఎన్‌ఫీల్డ్ హంటర్ 350 చెరి 181 కిలోలు. స్ప్లెండర్ 112 కిలోల దగ్గర ఉంటుంది. బండి కదులుతున్నంతసేపు ఈ తేడా తెలియదు, పైగా ఆ బరువు వల్లనే గతుకుల రోడ్డు మీద బండి నిలకడగా పోతుంది. ఆగిన మరుక్షణం లెక్క మారుతుంది. నగరంలో బండి నడిపే మనిషి ఎంతసేపు నడుపుతాడో, ఇంచుమించు అంతసేపు దాన్ని ఆపుతాడు, తోస్తాడు, వెనక్కి లాగుతాడు, తిప్పుతాడు. వరంగల్ చౌరస్తా నుంచి మండీ బజారు వైపు రద్దీలో యూ టర్న్ తీసుకోవాలన్నా, ఇంటి ముందు ర్యాంపు ఎక్కించాలన్నా, వాలులో ముందుకు పెట్టిన బండిని వెనక్కి తీయాలన్నా ఇంజను సాయం చాలదు, కాళ్లూ నడుమూ సాయం రావాలి. రైల్వే స్టేషన్ల పార్కింగులో చిన్న బండి వెనక చక్రాన్ని ఎత్తి పక్కకు జరిపే కుర్రాడు, ఈ బండి దగ్గరికి వచ్చేసరికి ఓనరు కోసం చుట్టూ చూస్తాడు. వానాకాలంలో బురద మీద ఆగినప్పుడు కాలు కాస్త జారిందంటే, వాలుతున్న 195 కిలోలను నిలబెట్టడం గట్టి మనిషికైనా కష్టమే. పడ్డాక ఎత్తాలంటే పక్కవారిని పిలవక తప్పదు. సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు ఉండడం వల్ల పొట్టివారికి రెండు మడమలూ నేలకు ఆనవు, వారికి ఈ ఇబ్బంది రెట్టింపవుతుంది.

బరువు తరువాత వేడి. ఈ ఇంజన్లలో ఎక్కువ భాగం గాలితో, కొంత ఆయిలుతో చల్లబడేవి. బండి కదిలితేనే ఇంజను చుట్టూ ఉన్న రెక్కలకు గాలి తగులుతుంది. మే నెలలో మన దగ్గర ఎండ 44 డిగ్రీలకు చేరిన మధ్యాహ్నం, హనుమకొండ చౌరస్తాలో సిగ్నలు కోసం ఆగితే, కింద తారు, పైన సూర్యుడు, తొడల మధ్య ఇంజను, ముగ్గురూ కలిసి మనిషిని కాలుస్తారు. సైలెన్సరు ఉన్న కుడివైపు ఇంకా ఎక్కువ. 2018లో తిరిగి వచ్చిన జావాకు నీటితో చల్లబరిచే ఇంజను పెట్టారు గనుక ఇంజను ఉష్ణోగ్రత అదుపులో ఉంటుంది, కానీ రేడియేటరు ఫ్యాను ఊదే వేడిగాలి మోకాళ్లకు తగలక మానదు. చలికాలంలో పొద్దున్నే డ్యూటీకి పోయేవారికి ఇదే వేడి కాస్త సుఖంగా ఉంటుందన్నది వేరే మాట.

చిన్న చిక్కులు మరికొన్ని ఉన్నాయి. అందమైన తీగల చక్రాలకు సాధారణంగా లోపల ట్యూబు ఉంటుంది. మేకు దిగితే గాలి ఒక్కసారిగా పోతుంది, చక్రం విప్పితే తప్ప పంక్చరు వేయలేరు. అలాయ్ చక్రాలున్న ట్యూబ్‌లెస్ నమూనా చూపుకు కాస్త తక్కువైనా నగరానికి అదే మేలు. మైలేజీ రద్దీలో లీటరుకు 30, 35 కిలోమీటర్ల దగ్గర తిరుగుతుంది. నెలకు 600 కిలోమీటర్లు తిరిగే ఉద్యోగికి చిన్న బండిలో పది లీటర్లు సరిపోయే చోట ఇక్కడ పదిహేడు నుంచి ఇరవై దాకా కావాలి. పెట్రోలు లీటరు వంద రూపాయలు దాటిన రోజుల్లో నెలకు ఏడు వందల నుంచి వెయ్యి రూపాయల పైదాకా తేడా వస్తుందన్నమాట.

సైలెన్సరు గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. కొత్త బండి శబ్దం మెత్తబడిందని, పాత డుగు డుగు లేదని, బయట దొరికే సైలెన్సర్లు బిగించేవారు చాలామంది ఉన్నారు. కంపెనీ ఇచ్చిన సైలెన్సరు మార్గంలోనే పొగను శుద్ధి చేసే పరికరం ఉంటుంది, చాలాసార్లు దానితో పాటు అదీ పోతుంది. మోటారు వాహనాల చట్టం ఇటువంటి మార్పులను ఒప్పుకోదు. చట్టం మాట అటుంచినా, ఎంజీఎం ఆసుపత్రి ముందు నుంచి అర్ధరాత్రి ఆ శబ్దంతో పోయేవారు లోపల పడుకున్న రోగుల సంగతి తలచుకోరా అని అడగాలనిపిస్తుంది.

ధర విషయంలో 350 సీసీ దగ్గర ఒక గీత ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న మోటారు సైకిళ్ల మీద జీఎస్‌టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది, అది దాటిన వాటి మీద 40 శాతమైంది. నగరంలో తిరగడానికి 350 సీసీయే ఎక్కువ కాబట్టి, గీత దాటవలసిన అవసరం నాకు కనిపించదు. ఈ తరగతిలోనూ నగరానికి ఒకటి ఎంచుకోమంటే నేను హంటర్ 350 వైపు మొగ్గుతాను. చూపుకు క్లాసిక్ అంత రాజసం లేదు. కానీ ఇంజను అదే జాతిది, చక్రాలు 17 అంగుళాలవి, బండి పొట్టిది, 14 కిలోలు తక్కువ, ఇరుకు గల్లీలో తిరిగేటప్పుడు ఆ తేడా చేతులకు తెలుస్తుంది.

షోరూములో టెస్ట్ రైడ్ ఇచ్చేటప్పుడు ఖాళీ రోడ్డు మీద, పొద్దున్నే, ఒంటరిగా నడిపిస్తారు. అప్పుడు నచ్చని రెట్రో బండి ఉండదు. కొనదలచినవారు మధ్యాహ్నం రెండు గంటలకు వెళ్లండి, వెనక ఇంట్లోవారిని కూర్చోబెట్టుకోండి, రద్దీ ఉన్న చౌరస్తా మీదుగా ఒక చుట్టు తిరగండి. తిరిగి వచ్చాక ఇంజను ఆపి, బండిని ఒక వాలులో పది అడుగులు వెనక్కి తోయండి, ఆ తరువాత ఎవరి సాయమూ లేకుండా సెంటర్ స్టాండు వేయండి. ఈ రెండు పనులూ ఆయాసం లేకుండా జరిగితే అడ్వాన్సు కట్టవచ్చు.

నమస్కారం.