ఎగతాళికి తెలుగు తరగతి చెప్పవలసిన జవాబు
(నల్లగొండ జిల్లాలో గ్రంథాలయ వారోత్సవాల సభలో ఒక తెలుగు ఉపాధ్యాయురాలి ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, గ్రంథాలయ సిబ్బందికి, నా తోటి ఉపాధ్యాయులకు, చుట్టుపక్కల బడుల నుంచి వచ్చిన విద్యార్థులకు నమస్కారం. నాకు 'పుస్తక పఠనం వల్ల ప్రయోజనాలు' అనే అంశం ఇచ్చారు. వాటిలో చాలా వరకు మీకు తెలిసినవే. వేదికల మీద ఎవరూ ఎత్తని ఒక్క ప్రయోజనం గురించే ఈ రోజు మాట్లాడతాను: తక్కినవాళ్లలా లేని పిల్లల మీద పడే ఎగతాళికి పుస్తకంతో జవాబు చెప్పడం. అధ్యక్షులవారు అనుమతించాలి.

మగపిల్లవాడి నడక, మాట తక్కినవాళ్లలా లేకపోతే ఆరో తరగతిలోనే అతనికి ఒక పేరు పెడతారు. ఆడంగి అంటారు. అంతకంటే నీచమైన మాటలు కూడా ఉన్నాయి, మీరందరూ విన్నవే. పదో తరగతి అయ్యేదాకా హాజరు పట్టీలోని పేరుతో అతన్ని పిలిచేది సారు ఒక్కరే. కొన్ని బడుల్లో సారు కూడా పిలవరు. ఇక ఒక ఆడపిల్ల తన స్నేహితురాలికి ప్రేమగా రాసుకున్న ఉత్తరం బయటపడితే ఇంటికి కబురు వెళుతుంది, చదువు ఆగుతుంది, పెళ్లిచూపులు మొదలవుతాయి.

నేను దేవరకొండ వైపు పనిచేసినప్పుడు తొమ్మిదో తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. బతుకమ్మ పేర్చడంలో అతనికి సాటి లేరు. తాంబాళంలో గుమ్మడి ఆకులు పరిచి, తంగేడు పూలు వరుసగా పేర్చి, గునుగు కొసలు సమానంగా కోసి, రంగులో ముంచి ఆరబెట్టి, కట్టలు కట్టి, ఒక్క వరుస కూడా పక్కకు ఒరగకుండా పైదాకా తీసుకువెళ్లేవాడు. ఆడపిల్లలు చుట్టూ చేరి నేర్చుకునేవారు. దసరా సెలవులకు ముందు బడిలో బతుకమ్మ ఆడిన రోజు ఒక ఉపాధ్యాయుడు మైకు అందుకుని 'వీడికి కూడా ఒక చీర కట్టండి' అన్నాడు. బడి బడంతా నవ్వింది. సెలవులయ్యాక ఆ పిల్లవాడు రాలేదు. ఇంటికి వెళితే హైదరాబాదులో పనికి పెట్టామన్నారు. వాళ్లమ్మ గడప దగ్గర నిలబడి నన్ను ఒకటే అడిగింది: 'ఇంట్లో వాళ్ల నాన్న కొడతాడు, బడిలో మీరు నవ్వుతారు, వాడు ఎక్కడ ఉండాలి మేడం?'

ఆ పిల్లవాడి మనసు ఎవరి మీదికి పోతుందో నాకు తెలియదు. అప్పటికి అతనికీ తెలిసి ఉండకపోవచ్చు. తెలుసుకోవలసిన పని మనకు లేదు. స్వలింగ ప్రేమ మీద మనకున్న ద్వేషం ఎంత గుడ్డిదంటే, అనుమానం వచ్చిన ప్రతి పిల్లవాడి మీదా అది పడుతుంది.

చట్టం సంగతి రెండు మాటల్లో చెబుతాను. ఇష్టపూర్వకంగా కలిసి ఉండే వయోజనులు ఒకే లింగానికి చెందినవారైనా అది నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. స్వలింగ ప్రేమ జబ్బు కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే వ్యాధుల జాబితా నుంచి తీసేసింది. నిజాం కాలంలో హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించి, ఆడవేషంలో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకునే అధికారం పోలీసులకు ఇచ్చిన చట్టాన్ని మన తెలంగాణ హైకోర్టు 2023లో కొట్టివేసింది. కోర్టుల్లో పోయిన రిజిస్టరు మన తరగతి గదుల్లో ఇంకా నడుస్తూనే ఉంది.

వెనక వరుసలో కొందరు నవ్వుతున్నారు. బాబూ, నవ్వినందుకు నేనేమీ అనను. కానీ ఇంటికి వెళ్లాక నీకు ఎందుకు నవ్వు వచ్చిందో నాలుగు వాక్యాలు రాయి. ఎవరికీ చూపించనక్కర్లేదు. నేను తరగతిలో చేయించేది ఇదే.

విరాట పర్వం ఘట్టం చదివి వినిపిస్తాను. ఉత్తరకుమారుడు కౌరవ సేనను చూసి రథం దిగి పరుగెత్తుతాడు. జడ ఊగుతుండగా బృహన్నల వెంటపడుతుంది. అది చూసి సైనికులు కొందరు నవ్వుతారు. అక్కడ పుస్తకం మూసేస్తాను. 'నవ్విన సైనికుల్లో మీరు ఒకరు. ఆ రాత్రి ఇంటికి ఉత్తరం రాయండి' అంటాను. బృహన్నల కథ స్వలింగ ప్రేమ కథ కాదు. ఆ తేడా పిల్లలకు స్పష్టంగా చెప్పాలి, చెబుతాను. కానీ ఆ నవ్వు మాత్రం మన బడిలో వినిపించే నవ్వే. ఒక పిల్లవాడు ఇలా రాశాడు: 'నేను నవ్వకపోతే నన్ను కూడా అంటారని నవ్వాను.' గంటసేపు నీతిబోధ చేసినా ఆ వాక్యం రాదు. నోటితో చెప్పించబోతే అసలే రాదు. నలుగురి ముందు చెప్పలేనిది కాగితం మీద చెప్పగలుగుతారు.

దీనికి కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. కాగితం మీద పేరు ఉండకూడదు. అక్షరదోషాల కింద ఎర్రగీత గీయకూడదు. నీ సంగతి నువ్వు చెప్పుకో అని ఏ పిల్లనూ, ఏ పిల్లవాణ్నీ అడగకూడదు. కథలోని మనిషి గురించే రాయించాలి. బయటపెట్టడమా, దాచుకోవడమా అన్నది ఆ బిడ్డ ఇష్టం.

ఇక నా మనసులోని బాధ కూడా చెప్పాలి. ట్రాన్స్‌జెండర్ పిల్లల్ని బడిలో ఎలా కలుపుకోవాలో చెబుతూ ఎన్‌సీఈఆర్‌టీ 2021లో ఉపాధ్యాయుల కోసం ఒక పుస్తకం తెచ్చింది. అభ్యంతరాలు రాగానే వెబ్‌సైటు నుంచి తీసేసింది. మన చేతికి రాకుండానే పోయింది! ఇక మన దగ్గర ఉన్న పుస్తకాలైనా చదువుతున్నామా? ఎన్ని బడుల్లో గ్రంథాలయం అంటే ప్రధానోపాధ్యాయుల గదిలో తాళం వేసిన బీరువా! చిరిగితే ఎవరు కట్టాలన్న భయంతో తాళం తీయరు. పుస్తక సమీక్షకు మార్కులు ఉన్నాయి. ఒకరు రాస్తే తరగతి మొత్తం ఎక్కించుకుంటుంది, మనం సంతకం పెడతాం. కథలోని మనిషి గురించి రాయించే ఈ పని ఆ సమీక్షలోనే చేయవచ్చు. కొత్త జీవో అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు.

ఇది ఏ నేల? 1922లోనే నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక నడిచిన నేల. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే, పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి వాదనతో సరిపెట్టుకోలేదు. ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. లేరన్నవాళ్లకు పేర్లతో సహా చూపించారు. మా తరగతిలో అలాంటివాళ్లు ఎవరూ లేరని నాతో చెప్పే ఉపాధ్యాయులారా, ఉన్నారు. మీ ముందు కూర్చుని, నోరు విప్పకుండా పాఠం రాసుకుంటున్నారు.

తల్లిదండ్రులు గొడవ చేస్తారని కొందరు నాతో అన్నారు. నన్ను గడప దగ్గర నిలదీసింది కూడా ఒక తల్లే కదా. బిడ్డ బడి మానకుండా చూడండి అని ఎవరు వచ్చి అడిగినా మన దగ్గర సమాధానం ఉండాలి.

గ్రంథాలయ అధికారులకు ఒక మనవి. హిజ్రా రచయిత్రి రేవతి ఆత్మకథ పి. సత్యవతి గారి అనువాదంలో 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలుగులో ఉంది. ఆ అనువాదానికి సాహిత్య అకాడమీ పురస్కారం కూడా వచ్చింది. అది పెద్దలు చదవవలసిన పుస్తకం. ముందు మనం చదువుదాం. ప్రతి శాఖా గ్రంథాలయానికి ఒక ప్రతి తెప్పించండి. ఉపాధ్యాయ మిత్రులారా, నేను తరగతిలో వాడే ప్రశ్నల జిరాక్సు కాపీలు తలుపు పక్కన బల్ల మీద పెట్టాను. వెళ్లేటప్పుడు తలా ఒకటి తీసుకోండి. మొదటి పీరియడ్ ఎలా జరిగిందో నాకు ఉత్తరం రాయండి.