బిల్లు పాస్ చేసే ముందు
(విజయవాడలో మానవ హక్కుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

2020 ఆగస్టు 9న ఈ ఊళ్లోనే, కోవిడ్ కేర్ సెంటర్‌గా నడుస్తున్న ఒక హోటల్లో మంటలు రేగి 10 మంది చనిపోయారు. అంతకు మూడు నెలల ముందు, మే 7న, విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరిన్ అనే విషవాయువు లీకై 12 మంది ప్రాణాలు పోయాయి. రెండుసార్లూ ప్రభుత్వం పరిహారం ప్రకటించింది. విశాఖలో అయితే మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున. ఇవ్వాల్సిందే, కాదనను. నేను అడిగేది అంతకు ముందు సంగతి. సరైన పర్యావరణ అనుమతి తమకు లేదని ఆ విశాఖ కంపెనీయే 2019లో అధికారులకు రాసి ఇచ్చింది. అయినా ప్లాంటు నడుస్తూనే ఉంది. ఆ కాగితం చేతికొచ్చిన రోజే ఎవరో ఒకరు కదిలి ఉండాల్సింది.

కంపెనీల వల్ల జనం హక్కులకు హాని జరగకుండా చూడటం ప్రభుత్వ బాధ్యతని 2011లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి ఆమోదించిన సూత్రాలు చెబుతున్నాయి. మనకు మాత్రం అది కొత్త మాట కాదు. ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణాల్లో పనిచేసిన కూలీల గురించి ఒక హక్కుల సంస్థ ఉత్తరం రాస్తే, సుప్రీంకోర్టు దాన్నే పిటిషన్‌గా తీసుకుని 1982లో తీర్పు ఇచ్చింది. కనీస వేతనం కంటే తక్కువిచ్చి పని చేయించుకుంటే, అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీ కిందకే వస్తుందని చెప్పింది. వాళ్లు కాంట్రాక్టర్ మనుషులు, మాకు సంబంధం లేదని ప్రభుత్వం తప్పుకోవడానికి వీల్లేదని కూడా తేల్చింది.

ఈ తీర్పును కృష్ణ అవతల అమరావతిలో నిలబడి చదవాలండీ. అక్కడ లేస్తున్నవి ప్రభుత్వ భవనాలు. పెద్ద కంపెనీ కింద సబ్ కాంట్రాక్టర్, అతని కింద మేస్త్రీ, ఆ కింద ఎక్కడో వేరే రాష్ట్రం నుంచి వచ్చిన కూలీ. మేస్త్రీ డబ్బులు ఎగ్గొట్టి ఫోన్ స్విచ్ ఆఫ్ చేస్తే, భాష రాని ఆ మనిషి ఎవరిని పట్టుకోవాలి? కాంట్రాక్టర్ ఇవ్వకపోతే పని చేయించుకున్న అసలు యజమానే కూలి చెల్లించి, తర్వాత కాంట్రాక్టర్ దగ్గర రాబట్టుకోవాలని చట్టం చెబుతోంది. ఆ కూలీకి ఈ మాట అతని భాషలో చెప్పే మనిషి సైట్లో ఉండాలి.

గుంటూరులో మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్ల సంగతీ అంతే. 10 మంది కూడా లేని చోట లైంగిక వేధింపులు జరిగితే ఫిర్యాదు తీసుకోవడానికి 2013 చట్టం ప్రకారం జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలి. ఆ కమిటీ ఎక్కడ కూర్చుంటుందో ఈ హాల్లో ఎంతమందికి తెలుసు?

ఇవన్నీ అమలవుతున్నాయా అని తనిఖీలు చేస్తే పెట్టుబడులు పారిపోతాయని కొందరంటారు. నిజాయితీగా నడిపే యజమానికి తనిఖీ అంటే టెన్షన్ ఉండదు. పైగా కూలి ఎగ్గొట్టి తక్కువ ధరకు టెండర్ వేసేవాడితో పోటీ పడలేక నష్టపోతున్నది ఆయనే.

అందుకే ఒక్కటి అడుగుతున్నాను. ప్రభుత్వ పనుల్లో ఏ కాంట్రాక్టర్ బిల్లు పాస్ చేసినా, ముందు చివరి కూలీ వరకు వేతనం బ్యాంకు ఖాతాలో పడిందో లేదో చూడండి. ఆ షరతు టెండర్ పత్రంలో రాయడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.