ఆన్‌లైన్ కోర్సులో న్యాయ పరిభాషపై పట్టు సాధించడం ఎలా?

(తెరపై: దుకాణం అద్దం వెనుక ఒక కత్తి. పక్కన ధర రాసిన చీటీ.)

దుకాణం అద్దం వెనుక ఒక కత్తి ఉంది. మీట నొక్కగానే పిడిలోంచి చటుక్కున బయటికి వచ్చే రకం. పక్కన చిన్న చీటీ మీద ధర రాసి ఉంది: నాలుగు షిల్లింగులు. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ నగరంలో 1959లో ఒక పోలీసు కానిస్టేబులు దీన్ని చూశాడు. ఇలాంటి కత్తులను అమ్మకానికి ప్రతిపాదించడం నేరమని అదే ఏడాది చట్టం వచ్చింది. దుకాణదారు మీద కేసు పెట్టారు.

వీడియోను ఇక్కడ ఆపి, మీ జవాబు ఒక కాగితం మీద రాయండి. దుకాణదారు కత్తిని అమ్మకానికి ప్రతిపాదించినట్టా, కాదా?

(తెరపై: ఐదు క్షణాల విరామం.)

చాలామంది ప్రతిపాదించినట్టే అంటారు. ధర రాసి అందరికీ కనబడేలా పెట్టాక ఇంకేమి కావాలి? కోర్టు మాత్రం కాదంది. ఒప్పందాల చట్టం ప్రకారం దుకాణంలో వస్తువును ధరతో ప్రదర్శించడం ప్రతిపాదన కాదు, బేరానికి ఆహ్వానం మాత్రమే. కొనేవారు వచ్చి ‘ఇది నాకివ్వండి’ అన్నప్పుడు ప్రతిపాదన వారి వైపు నుంచి వస్తుంది. దుకాణదారు ఒప్పుకోవచ్చు, అమ్మనని చెప్పవచ్చు. దుకాణదారు మీద నేరం నిలవలేదు. లా రిపోర్టుల్లో ఈ కేసు ఫిషర్ వర్సెస్ బెల్, 1961 అని కనిపిస్తుంది.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి మరొకటి ఉంది. తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి లార్డ్ పార్కర్, ఆ కాగితాలు మొదటిసారి చదివినప్పుడు తనకు కూడా ఇది అర్థం లేని వాదనగానే తోచిందని తీర్పులోనే ఒప్పుకున్నారు. అయినా పార్లమెంటు ఆ పదాన్ని ఒప్పందాల చట్టంలో స్థిరపడిన అర్థంలోనే వాడిందని భావించి తీర్పు ఇచ్చారు. తరువాత పార్లమెంటు 1961లో చట్టాన్ని సవరించి, అమ్మకం కోసం ప్రదర్శించడాన్ని కూడా నేరం చేసింది.

న్యాయశాస్త్రంలో పదానికి ఉన్న బరువు ఇది. ఆ బరువు తెలియాలంటే నిర్వచనం ఒక్కటే చాలదు. ఏ సంఘటన ఆ పదం కిందికి వస్తుంది, ఏది గీత అవతల ఆగిపోతుంది అన్నది తెలియాలి. నేను ఈ వీడియోలో చెప్పదలచుకున్నది ఇదే: ప్రతి పదాన్నీ ఒక కేసుతో, ఒక పొరుగు పదంతో కలిపి నేర్చుకోండి.

(తెరపై: పదకోశం పేజీ. రంగు గీతలతో నిండిపోయింది.)

ఆన్‌లైన్ కోర్సులో మొదటి వారమే పదకోశం చేతికి వస్తుంది. ప్రతిపాదన, అంగీకారం, ప్రతిఫలం, వాది, ప్రతివాది, నిషేధాజ్ఞ, అఫిడవిట్. విద్యార్థి శ్రద్ధగా చదువుతాడు, రంగు గీతలు గీస్తాడు, మళ్లీ చదువుతాడు. మాడ్యూల్ చివర క్విజ్‌లో నాలుగు జవాబుల్లో సరైనదాన్ని గుర్తిస్తాడు. మంచి మార్కులు వస్తాయి. అసైన్‌మెంట్‌లో ఒక కథ ఇచ్చి, ఇక్కడ ఎవరికి ఏ హక్కు ఉందో రాయమంటే మాత్రం కలం కదలదు.

అతని శ్రద్ధలో లోపమేమీ లేదు. కళ్లముందు ఉన్న జవాబును గుర్తుపట్టడం వేరు, ఏమీ లేని చోట జ్ఞాపకంలోంచి బయటికి తీయడం వేరు. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన పరిశోధనలో విద్యార్థులకు పాఠ్యభాగాలు ఇచ్చి, కొందరిచేత మళ్లీ చదివించారు, కొందరిచేత చూడకుండా గుర్తున్నది రాయించారు. ఐదు నిమిషాల తరువాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవారు ముందున్నారు. వారం తరువాత పెడితే రాసినవారు ముందున్నారు. పాఠం వినగానే వచ్చే క్విజ్ మనల్ని ఎందుకు మభ్యపెడుతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు. అది ఐదు నిమిషాల నాటి జ్ఞాపకాన్ని కొలుస్తుంది. అసైన్‌మెంట్ వారాల తరువాత వస్తుంది.

రికార్డు చేసిన పాఠంలో ఒక సౌకర్యం ఉంది, దాన్ని చాలామంది వాడుకోరు. అధ్యాపకులు పదం పలికి నిర్వచనం మొదలుపెట్టే ముందే వీడియో ఆపవచ్చు. ఆపండి. మీకు తోచిన నిర్వచనం రాయండి, ఆ తరువాత వినండి. మీరు రాసినదానికీ విన్నదానికీ ఎక్కడ తేడా వచ్చిందో అక్కడే నేర్చుకోవలసిన గీత ఉంటుంది. ఇప్పుడు కత్తి విషయంలో మనం చేసిన పని అదే.

(తెరపై: పాత పత్రికా ప్రకటన నమూనా.)

కత్తి కేసుకు ఎదురుగా నిలబెట్టవలసిన కేసు ఇంకొకటి ఉంది. ఇంగ్లండ్‌లో ఇన్‌ఫ్లుయెంజా వ్యాపించిన రోజుల్లో, 1891లో, కార్బాలిక్ స్మోక్ బాల్ కంపెనీ పత్రికల్లో ప్రకటన ఇచ్చింది. తమ పరికరాన్ని రోజుకు మూడుసార్లు చొప్పున రెండు వారాలు సూచనల ప్రకారం వాడినా జబ్బు వస్తే 100 పౌండ్లు ఇస్తామంది. మాట మీద నిలబడతామనడానికి నిదర్శనంగా 1000 పౌండ్లు బ్యాంకులో ఉంచామని కూడా అందులో రాసింది. కార్లిల్ అనే ఆవిడ చెప్పినట్టే వాడారు. జబ్బు వచ్చింది. సొమ్ము అడిగితే, అది వట్టి ప్రచారం, లోకంలో అందరితో ఒప్పందం ఎవరైనా చేసుకుంటారా అని కంపెనీ వాదించింది.

అప్పీలు కోర్టు 1892 డిసెంబరులో ఆ వాదనను తోసిపుచ్చింది. షరతులు స్పష్టంగా ఉన్నాయి. బ్యాంకులో పెట్టిన సొమ్ము కంపెనీ ఉద్దేశాన్ని చెబుతోంది. షరతు నెరవేర్చడమే అంగీకారం. కాబట్టి ఇది ప్రతిపాదన.

అద్దం వెనుక కత్తి ఆహ్వానం, పత్రికలో ప్రకటన ప్రతిపాదన. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి, తేడా ఎక్కడ వచ్చిందో మీ మాటల్లో నాలుగు వాక్యాలు రాయగలిగితే ప్రతిపాదన అన్న పదం మీకు వచ్చినట్టే.

సరే, వేలంపాట సంగతి చూద్దాం. వేలం నిర్వహించేవారు వస్తువు చూపించి ఎంతకు పాడతారని అడుగుతారు. ఒకరు పాట పాడతారు. ఇక్కడ ప్రతిపాదన ఎవరిది?

(తెరపై: విరామం.)

పాడినవారిది. సుత్తి దెబ్బ అంగీకారం. సుత్తి పడేలోగా పాడినవారు తమ పాటను వెనక్కి తీసుకోవచ్చని 1789లోనే పేన్ వర్సెస్ కేవ్ కేసులో తేల్చారు. కత్తి కేసు అర్థమైనవారికి ఈ జవాబు కంఠస్థం చేయవలసిన పని లేదు, దానంతట అదే వస్తుంది.

లాటిన్ పదాలు చూసి భయపడేవారు ఎక్కువ. నా అభిప్రాయంలో అసలు కష్టం అక్కడ లేదు. రెస్ జుడికేటా (కోర్టు ఒకసారి తేల్చేసిన వివాదం) అన్న మాట చూడగానే ఇది కొత్తది, నేర్చుకోవాలి అని తెలుస్తుంది. ఇప్పటికే తెలుసనిపించే పదాలతోనే చిక్కు. ప్రతిఫలం అన్న మాటే తీసుకోండి. రోజువారీ మాటల్లో అది పడిన శ్రమకు దక్కేది. ఒప్పందాల చట్టంలో అది ఒక పక్షం ఇచ్చే మాటకు బదులుగా రెండో పక్షం ఇచ్చేది, చేసేది. ఛాపెల్ వర్సెస్ నెస్లే కేసులో, పాటల రికార్డు కావాలంటే కొంత డబ్బుతో పాటు మూడు చాక్లెట్ కాగితాలు కూడా పంపాలన్నారు. వచ్చిన కాగితాలను కంపెనీ పారేసేది. అయినా ఆ కాగితాలు ప్రతిఫలంలో భాగమేనని అప్పట్లో అక్కడ అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న బ్రిటన్ ప్రభువుల సభ తేల్చింది. విలువ ఎంత అన్నది కాదు, బదులుగా కోరారా లేదా అన్నదే ప్రశ్న.

పార్టీ, సర్వీసు, నోటీసు, టైటిల్. ఇలా పరిచయమైన ముఖంతో కనిపించే ప్రతి పదం పక్కనా ఒక గుర్తు పెట్టుకోండి. ముందుగా చదవవలసినవి అవే.

నేర చట్టంలోకి వస్తే మొదట ఎదురయ్యే జంట యాక్టస్ రియస్, మెన్స్ రియా. ఒకటి నేరపూరితమైన చర్య, రెండోది నేరపూరితమైన మనఃస్థితి. వేరొకరి గొడుగును తనదే అనుకుని తీసుకుపోయిన మనిషి వస్తువును తీసుకున్నాడు, మనసులో మాత్రం దొంగతనం లేదు. ఇంతవరకు అందరికీ సులభంగానే అందుతుంది. దీని పొరుగున ఉన్న పదం దగ్గర విద్యార్థులు తడబడతారు: ప్రేరణ. జబ్బుపడిన బిడ్డ కోసం మందు దొంగిలించిన తండ్రి ప్రేరణ మీద మనకు జాలి కలుగుతుంది. కానీ అది తనది కాదని తెలిసే తీసుకున్నాడు, తీసుకోవాలనే తీసుకున్నాడు. ఉద్దేశం ఉంది. ప్రేరణ శిక్ష తగ్గించే దగ్గర పనికిరావచ్చు, ఉద్దేశాన్ని చెరిపివేయదు. ఈ రెండు మాటలనూ ఒకదాని బదులు ఒకటి వాడితే జవాబు మొత్తం తలకిందులవుతుంది.

(తెరపై: రెండు కార్డులు. ఒకదాని మీద పదం, మరొకదాని మీద చిన్న సంఘటన.)

కార్డులు తయారు చేసుకునేవారికి ఒక మాట. ముందువైపు పదం, వెనుకవైపు నిర్వచనం రాయడం అందరూ చేసేదే. దానికి బదులు ముందువైపు సంఘటన రాయండి: ‘తప్పిపోయిన కుక్కను తెచ్చి ఇచ్చినవారికి బహుమతి అని గోడ మీద కాగితం.’ వెనుకవైపు పదం, కారణం ఒక్క వాక్యంలో. పరీక్షలో ప్రశ్న సంఘటన రూపంలోనే వస్తుంది కాబట్టి సాధన కూడా ఆ దిశలోనే సాగాలి. సరిగా చెప్పిన కార్డును మరింత ఆలస్యంగా, తప్పిన కార్డును త్వరగా మళ్లీ చూడాలి. జర్మన్ రచయిత సెబాస్టియన్ లైట్నర్ 1970లలో ప్రచారంలోకి తెచ్చిన పెట్టెల పద్ధతి ఇదే. కాగితం కార్డులైనా ఫోనులో యాప్ అయినా ఫరవాలేదు.

ఇంట్లో ఒంటరిగా చదివేవారికి రెండు జాగ్రత్తలు. వీడియో కింద యంత్రం రాసే సబ్‌టైటిల్స్‌ను నమ్మి నోట్సు రాయకండి. సెర్షియొరారీ (కింది కోర్టు నిర్ణయాన్ని పరిశీలించడానికి పై కోర్టు ఇచ్చే ఆజ్ఞ) లాంటి మాటను అది ఎలాగైనా రాయగలదు. అక్షరక్రమం పాఠ్యపుస్తకంలో చూసుకుని, పైకి పలకండి. తరగతి గదిలో నలుగురి నోటా వినబడే మాట ఇక్కడ మీ నోటినుంచే రావాలి.

రెండోది ఇంకా ముఖ్యం. ఇంటర్నెట్‌లో వెతికితే వచ్చే వివరణ ఏ దేశపు చట్టానిదో చూడండి. తీవ్రమైన నేరం అనే అర్థంలో ఫెలనీ అన్న పదం అమెరికాలో నేటికీ వాడుకలో ఉంది. ఇంగ్లండ్‌లో ఫెలనీకి, చిన్న నేరమనే అర్థమున్న మిస్‌డిమీనర్‌కు ఉన్న భేదాన్ని 1967 చట్టంతో తీసివేశారు. ఒప్పందానికి ప్రతిఫలం తప్పనిసరి అనడం ఇంగ్లిష్ సంప్రదాయం నుంచి వచ్చిన నియమం, ఫ్రెంచి చట్టంలో అది లేదు. చక్కగా చెప్పిన వీడియో కావచ్చు, అయినా అది మీ సిలబస్‌కు తప్పు జవాబు కావచ్చు. నోట్సులో ప్రతి పదం పక్కన ఏ చట్టం ప్రకారమో రాసుకోండి.

ఇక జవాబు రాసే సమయం. ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తే బాగుండదని మనకు చిన్నప్పటి నుంచి వ్యాసాలు రాయించేటప్పుడు చెప్పారు. న్యాయశాస్త్రంలో ఆ అలవాటు మానుకోవాలి. మొదటి వాక్యంలో ప్రతిపాదన అని రాస్తే చివరి వాక్యం వరకు ప్రతిపాదన అనే రాయండి. మధ్యలో అందం కోసం ప్రకటన అనో, ఆహ్వానం అనో మార్చితే, దిద్దేవారు మీరు వేరే విషయం మాట్లాడుతున్నారనుకుంటారు. అలా అనుకోవడంలో వారి తప్పు ఏమీ లేదు.

(తెరపై: అభ్యాసం. గోడ మీద బహుమతి కాగితం ప్రతిపాదనా, ఆహ్వానమా? కారణం రెండు వాక్యాల్లో రాయండి.)