ఆరేళ్ల తర్వాత చేసిన ఫోన్

హోస్ట్: ఇరవై రెండేళ్ల సర్వీసు. మీలాంటివాళ్లకి ఉద్యోగం ఇట్టే దొరుకుతుందనుకుంటామండీ.

అతిథి: నేనూ అదే అనుకున్నా. మూడు నెలలు ఆన్‌లైన్‌లో అప్లై చేస్తూ కూర్చున్నాను. ఒక్క పిలుపు లేదు. పైకెళ్లేకొద్దీ పోస్టులే తక్కువ, అందులో కొన్ని ప్రకటన దాకా రానే రావు.

హోస్ట్: కంపెనీలకు మనుషుల్ని వెతికిపెట్టే హెడ్‌హంటర్లు?

అతిథి: తిరిగి ఫోన్ చేయరని కోపంగా ఉండేది. వాళ్లకు ఫీజిచ్చేది కంపెనీ కదండీ. పోస్టుకి మనిషిని వెతుకుతారు గానీ మనిషికి పోస్టుని కాదు.

హోస్ట్: మరి దారి ఎక్కడ దొరికింది?

అతిథి: ఆరేళ్ల కిందట ఓ ప్రాజెక్టులో కలిసిన ఒకావిడ దగ్గర. ఆ తర్వాత మాటల్లేవు.

హోస్ట్: మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో చెప్పింది ఇదేగా! పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికిన మేనేజర్లు, నిపుణుల్లో, తరచూ కలిసే మనిషి వల్ల దొరికినవాళ్లు దాదాపు 17 శాతమే.

అతిథి: దగ్గరివాళ్లకు తెలిసినవి మనకూ తెలిసే ఉంటాయి మరి. 2022లో 2 కోట్ల మంది లింక్డ్‌ఇన్ సభ్యుల మీద చేసిన పరిశోధనలో, మరీ ముఖపరిచయం కాదు, ఓ మోస్తరు పరిచయాలే ఎక్కువ పనికొచ్చాయని తేలింది.

హోస్ట్: ఇన్నేళ్లకు ఫోన్ చేస్తే, అవసరం పడి చేశాడనుకోరూ?

అతిథి: అనుకుంటారు. నిజమే కదా! నిన్నటిదాకా ఉద్యోగాలిచ్చినవాణ్ణి, ఇప్పుడు అడగడమా అని ఆ మొహమాటంలోనే రెండు నెలలు పోయాయి. చివరికి ఉద్యోగం మాటే ఎత్తలేదు. 'మీ రంగంలో ఇప్పుడు ఎలాంటివాళ్ల కోసం చూస్తున్నారు, ఇరవై నిమిషాలు మాట్లాడొచ్చా' అన్నాను. ముప్పావుగంట మాట్లాడారు. ఇంకో ఇద్దరి నంబర్లు ఆవిడే ఇచ్చారు.

హోస్ట్: రెజ్యూమే మార్చారా?

అతిథి: (నవ్వు) ఆరు పేజీలుండేది. రెండు చేశా. 'టీమ్‌ను నడిపాను' అన్నచోట ఎంతమంది, ఎంత బడ్జెట్, నేనున్నాక ఏం మారింది, అంతే.

హోస్ట్: ఇంటర్వ్యూ చేసినవాళ్లు మీకంటే చిన్నవాళ్లా?

అతిథి: పదమూడేళ్లు చిన్న. 'నా కింద పనిచేస్తారా' అని ఎవరూ సూటిగా అడగరండీ. 'ఈ పోస్టు మీకు చిన్నదేమో' అంటారు. అందుకే నేనే ముందు చెప్పేశా, హోదా ఎంతైనా ఫర్వాలేదు, చేతుల్తో చేసే పని మళ్లీ కావాలని.

హోస్ట్: నమ్మారా?

అతిథి: పూర్తిగా నమ్మలేదు. ఆరు నెలల కాంట్రాక్టే ఇచ్చారు. ఇది ఐదో నెల.